హాలోవీన్ రాత్రి ఇంటిల్లిపాదీ హారర్ సినిమా చూడాలంటే

అక్టోబర్ 31 రాత్రి అందరూ ఒకే గదిలో చేరి హారర్ సినిమా చూడటం అమెరికాలో చాలా ఇళ్లలో ఉన్న అలవాటే. మొదలుపెట్టడం తేలిక, రెండో ఏడాదికి నిలబెట్టుకోవడమే కష్టం. మొదటిసారే ఇంట్లో ఒకరు హడలిపోయి వారం రోజులు లైటు వేసుకొని పడుకున్నారంటే, మరుసటి అక్టోబర్‌లో ఆ మాట ఎత్తగానే సగం ఇల్లు ఎదురు తిరుగుతుంది. అలా చెడిన రాత్రుల్లో తప్పు అలంకరణదో తిండిదో కాదు. నూటికి తొంభై పాళ్లు సినిమా ఎంపికది, లేదంటే సౌండ్‌ది. ఈ రెండింటికీ ఒకటే కొలబద్ద: ఎంత భయం పెట్టాలన్నది గదిలో అందరికన్నా త్వరగా బెదిరే మనిషిని బట్టి ఉండాలి. గుండె ధైర్యం ఉన్నవాళ్లకు రెండో ఆట ఎలాగూ ఉంది.

అవును, రెండు ఆటలు. పిల్లలూ పెద్దలూ కలిసిన ఇంట్లో ఒకే సినిమాతో అందరినీ మెప్పించాలని చూస్తే చిన్నవాళ్లు ఏడుస్తారు, పెద్దపిల్లలు ఫోన్లు తీస్తారు. మొదటి ఆట అందరికీ, గంటన్నర లోపు. రెండో ఆట చిన్నవాళ్లు పడుకున్నాక.

తేదీ, వేళ

31 ఏ వారం పడిందో ముందు చూసుకోండి. 2026లో శనివారం, 2027లో ఆదివారం. 2026లో మరో కలిసివచ్చే సంగతి ఉంది. వేసవి కోసం గంట ముందుకు జరిపిన గడియారాలు ఆ రాత్రి తెల్లవారుజామున 2 గంటలకు ఒక గంట వెనక్కి జరుగుతాయి కాబట్టి రెండో ఆట చూసినవాళ్లకు గంట నిద్ర మిగులుతుంది. గడియారం మార్చని హవాయిలో, అరిజోనాలో చాలా భాగంలో ఈ లాభం లేదు. చంటిపిల్లల తల్లిదండ్రులకైతే ఎక్కడున్నా లేదు. గోడ గడియారం ఏం చూపించినా పిల్లలు అలవాటైన వేళకే లేస్తారు, అంటే కొత్త లెక్కలో గంట ముందే.

మర్నాడు బడి ఉంటే పెద్ద సినిమాను అంతకుముందు శనివారానికి జరిపేయండి. 31న అరగంటలోపు అయిపోయేదొకటి చాలు. 1966లో తొలిసారి ప్రసారమైన ‘ఇట్స్ ద గ్రేట్ పంప్‌కిన్, చార్లీ బ్రౌన్’ నిడివి సుమారు 25 నిమిషాలు, భయపెట్టేది దాదాపు ఏమీ ఉండదు. ఏటా మారని ఒక చిన్న ముక్కతో మొదలుపెట్టి ఆ తర్వాతే కొత్త సినిమా వేసే ఇళ్లలో ఈ అలవాటు ఎక్కువకాలం నిలుస్తుంది. పిల్లలకు ఏం రాబోతోందో తెలిసిన మొదటి అరగంట, తెలియని తర్వాతి గంటను ఓర్చుకునే ధైర్యాన్నిస్తుంది.

పిల్లలు వేషాలు వేసుకొని క్యాండీ కోసం ఇంటింటికీ తిరిగే ట్రిక్ ఆర్ ట్రీట్ వేళలు చాలా ఊళ్లలో ఊరి యంత్రాంగమే ప్రకటిస్తుంది. కొన్నిచోట్ల అది 31నే ఉండదు కూడా, కాబట్టి ముందు అది కనుక్కోండి. మామూలుగా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు తిరుగుతారు అనుకుంటే, శనివారం వరస ఇలా పెట్టుకోవచ్చు. ఎనిమిదికి పోర్చ్ లైటు ఆపండి. ఇక ఈ ఇంట్లో క్యాండీ లేదు అన్నదానికి అదే గుర్తు, చాలామంది ఆ తర్వాత తలుపు తట్టరు. వీడియో డోర్‌బెల్ ఉంటే దాని చైమ్‌ను ఫోన్లలోనూ ఆపాలి. లోపల అందరూ ఊపిరి బిగబట్టిన క్షణంలో ఒకేసారి మూడు ఫోన్లు మోగితే పెద్దలకు నవ్వొస్తుంది, ఐదేళ్లవాడికి రాదు. ఆ తర్వాత పావుగంట వేషాలు తీయడానికి, ముఖానికి పూసిన రంగు కడగడానికి. రంగు పూసిన ముఖంతోనే పిల్లల్ని కూర్చోబెట్టవద్దు. కాసేపటికి చర్మం దురద పెడుతుంది, పైగా చీకట్లో పక్కకు తిరిగితే కనిపించేది అన్నయ్య ముఖం కాదు, పుర్రె. ఎనిమిదింబావుకు మొదటి ఆట, తొమ్మిదిన్నర, పావుతక్కువ పదికల్లా అయిపోవాలి. రెండో ఆట పదింబావుకు.

పెరట్లో ప్రొజెక్టర్ పెట్టాలనుకునేవాళ్లకు ఒక మాట. 2007 నుంచి వేసవి గడియారం నవంబర్ మొదటి ఆదివారం దాకా నడుస్తోంది కాబట్టి 31న ఆరు దాటితేగాని చీకటి చిక్కబడదు. టైమ్ జోన్ పడమటి అంచున ఉన్న ఊళ్లలో ఏడవుతుంది. ఆ లోపు తెర మీద రాత్రి సీన్లేవీ కనపడవు.

పీజీ అన్న అక్షరాలను ఎంతవరకు నమ్మాలి

అమెరికా రేటింగుల్లో జీ అందరికీ, పీజీ అంటే పెద్దలు చూసి నిర్ణయించుకోండి అని, పీజీ-13 అంటే పదమూడేళ్లలోపు వాళ్ల విషయంలో గట్టిగా ఆలోచించండి అని, ఆర్ అంటే పదిహేడేళ్లు నిండనివాళ్లు పెద్దలు తోడు లేకుండా థియేటర్లోకి రాకూడదని. బాగానే ఉంది. చిక్కంతా పాత సినిమాల దగ్గరే. పీజీ-13 అనే మెట్టు వచ్చింది 1984 జులైలో. అంతకుముందు పీజీకి, ఆర్‌కి మధ్య ఏమీ లేదు, ఇప్పుడైతే పీజీ-13 పడేవన్నీ అప్పుడు పీజీలోకే జారేవి. 1975 నాటి ‘జాస్’ పీజీ. 1982 నాటి ‘పోల్టర్‌గైస్ట్’కు మొదట ఆర్ ఇచ్చారు, అప్పీలు మీద పీజీ అయింది. అద్దం ముందు నిలబడి ఒకతను తన ముఖాన్ని తానే ముక్కలుగా పీక్కునే సీను అందులో ఉంది. 1984 ‘గ్రెమ్లిన్స్’ సైతం పీజీయే, దాని మీద వచ్చిన గోల కూడా కొత్త మెట్టు పుట్టడానికి ఒక కారణం. కాబట్టి 1984కు ముందు వచ్చిన పీజీ సినిమాను పీజీ-13గానే లెక్కేయండి. తర్వాతి వాటిలోనూ కొన్ని జారాయి. 1988 ‘బీటిల్‌జూస్’ పీజీ అయినా ఒక పెద్ద బూతు మాట స్పష్టంగా వినబడుతుంది. 1993 ‘హోకస్ పోకస్’లో బూతుల్లేవు గాని కన్య అనే అర్థమిచ్చే మాట పదేపదే వస్తుంది, ఎనిమిదేళ్లవాళ్లు అదేమిటని తప్పకుండా అడుగుతారు. జవాబు ముందే సిద్ధం చేసుకోండి.

రేటింగ్ చెప్పనిది ఇంకొకటుంది, భయం ఏ రకమైనదన్నది. ‘ద కంజ్యూరింగ్’లో బూతులు, నగ్నత్వం దాదాపు లేకపోయినా భయం తీవ్రతవల్ల ఆర్ పడింది. ఉలిక్కిపడేలా చేసే సీన్లు ఎన్ని, ఏ నిమిషంలో అన్నది రేటింగ్‌లో ఉండదు. దానికి ‘వేర్ ఈజ్ ద జంప్’ అనే సైట్ ఉంది, సినిమావారీగా నిమిషాలతో సహా రాస్తారు. కుక్క చచ్చిపోతుందా, పిల్లలకు హాని జరుగుతుందా, వెలుతురు మిణుకు మిణుకుమంటూ కొడుతుందా వంటి ప్రశ్నలకు ‘డజ్ ద డాగ్ డై’ చూడండి. ఇంట్లో వెలుగు మెరుపులతో మూర్ఛ వచ్చేవాళ్లు ఉంటే ఈ చివరి ప్రశ్నకు జవాబు తెలియకుండా ఏ సినిమా పెట్టకూడదు. వయసువారీగా వివరాలు కావాలంటే ‘కామన్ సెన్స్ మీడియా’. ఈ మూడూ చూడటానికి పది నిమిషాలు పట్టదు. ఎంత చదివినా, మొదటి ఆట సినిమాను ఇంట్లో ఒక పెద్ద మనిషి ముందుగా పూర్తిగా చూసి ఉండాలి. చిన్నప్పుడెప్పుడో చూసిన జ్ఞాపకం పనికిరాదు, మన జ్ఞాపకం భయంకరమైన సీన్లను దాచేసి పాటలను మాత్రమే మిగులుస్తుంది.

ఏ వయసుకు ఏది బెదురు

రెండు నుంచి ఏడేళ్ల పిల్లలకు రూపమే భయం. వికారంగా ఉన్నది మంచిదైనా బెదురే, అందంగా ఉన్నది చెడ్డదైనా ఫరవాలేదు. అన్నిటికన్నా ఘోరం, తెలిసిన ముఖం కళ్లముందే వేరేదిగా మారిపోవడం. అందుకే 2009 ‘కోరలైన్’ బొమ్మల సినిమాయే కదా అని ఆరేళ్లవాళ్లకు పెట్టినవాళ్లు నాలుక కరుచుకుంటారు. అందులో అచ్చం అమ్మలాంటి అమ్మకు కళ్ల స్థానంలో బొత్తాలుంటాయి, క్రమంగా సాలీడులాంటి ఆకారంగా మారుతుంది. తొమ్మిది, పది దాటినవాళ్లు అదే సినిమాను లొట్టలేసుకుంటూ చూస్తారు. ఎనిమిది నుంచి పన్నెండు మధ్యవాళ్లను రాక్షసులు అంతగా కదిలించరు. నిజంగా జరగగలిగేవి కదిలిస్తాయి: దొంగ ఇంట్లో దూరడం, పిల్లల్ని ఎత్తుకుపోవడం, అగ్నిప్రమాదం. ఆ వయసుకు 1931 ‘ఫ్రాంకెన్‌స్టైన్’ పనికొస్తుంది. సుమారు 70 నిమిషాలు, నలుపు తెలుపు, రాక్షసుడి మీద జాలి కూడా కలుగుతుంది. కాని చిన్నపిల్ల చెరువులో మునిగే సీను గురించి ముందే చెప్పాలి. పదమూడు దాటాక భయం కనబడని వాటివైపు జరుగుతుంది, దెయ్యాలు, ఆత్మలు, ఎవరికీ అర్థంకాని చావులు.

ఈ తేడా ఓదార్చే పద్ధతిలోనూ ఉంది. చిన్నవాళ్లకు ఇది నిజం కాదురా, మేకప్పురా అని వివరించి లాభం లేదు. ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి, దుప్పటి కప్పాలి, చేతికి తినడానికో తాగడానికో ఏదో ఇవ్వాలి. ఎనిమిది దాటినవాళ్లకు వివరణే పనిచేస్తుంది, దగ్గరికి తీసుకోబోతే సిగ్గుపడతారు.

మొదటిసారికి ఏం పెట్టాలో తేలక కొట్టుమిట్టాడేవాళ్లకు: ఐదేళ్లవాళ్లున్న ఇంట్లో 2005 నాటి ‘వాలెస్ అండ్ గ్రోమిట్: ద కర్స్ ఆఫ్ ద వేర్-రాబిట్’, జీ రేటింగ్, 85 నిమిషాలు. చిన్నవాడికి ఏడు దాటితే 1993 ‘ద నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్’, 76 నిమిషాలే కాబట్టి వేళకు అయిపోతుంది. తొమ్మిది దాటితే ‘మాన్‌స్టర్ హౌస్’. రెండో ఆటకు, అందరూ పదమూడు దాటినవాళ్లైతే 2001 ‘ది అదర్స్’. పీజీ-13, రక్తం దాదాపు లేదు, వెలుతురుతోనే భయపెడుతుంది. పెద్దవాళ్లే అయితే 1978 ‘హాలోవీన్’, ఆర్, 91 నిమిషాలు.

చాలా పాత సినిమాలకు వెళ్లేటప్పుడు ఏ ప్రింటు దొరికిందన్నది సినిమా అంత ముఖ్యం. 1968 ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ పేరు మార్చినప్పుడు కాపీరైట్ గుర్తు ఎగిరిపోవడంతో అమెరికాలో అది ఎవరి సొత్తూ కాకుండా పోయింది. ఉచితంగా వందచోట్ల దొరుకుతుంది, వాటిలో చాలావరకు బూడిదరంగులోకి పోయిన నకళ్లే. 4కేలో పునరుద్ధరించిన ప్రతి కోసం వెతకండి. 1922 ‘నోస్ఫెరాటు’కు ఇంకా పెద్ద చిక్కు. రాత్రి సీన్లను పగలే తీసి, ప్రింటుకు నీలం రంగు అద్దారు. ఆ రంగు లేని నకలు చూస్తే రక్తపిశాచం పట్టపగలు వీధిలో పెట్టె మోసుకుంటూ తిరుగుతుంది, ఎండ తగిలితే చస్తాడన్న కథకు అర్థమే ఉండదు. రంగులు అద్దిన పునరుద్ధరణ ప్రతే చూడాలి.

ఎవరు ఎంచాలి

అక్టోబర్ మొదటి వారంలో ఒక కాగితం ఫ్రిజ్ మీద పెట్టండి, ఎవరికి తోచిన పేరు వాళ్లు రాస్తారు. నెలాఖరుకు ముందు వారం ఇద్దరు పెద్దలు కూర్చొని వయసుకు తగనివి కొట్టేస్తారు. మిగిలినవాటిలో ఒక్కొక్కరికి ఒక్క పేరు వద్దనే హక్కు, కారణం చెప్పక్కర్లేదు. ఆపైన ఈ ఏడు ఎవరి వంతైతే వాళ్లదే చివరి మాట, వంతు ఏటా మారుతుంది. ఓట్లు పెట్టవద్దు. ఓట్లలో ఎప్పుడూ పెద్దపిల్లలే గెలుస్తారు, ఓడిన చిన్నవాడు సినిమా మొదలుకాకముందే అలిగి ఉంటాడు, అలిగిన పిల్లలు త్వరగా భయపడతారు.

పేరు తేలగానే అది ఎక్కడ దొరుకుతుందో చూసి, వీలైతే డౌన్‌లోడ్ చేసి పెట్టండి, లేదా డిస్క్ తెచ్చుకోండి. స్ట్రీమింగ్ సంస్థల లైసెన్సులు ఎక్కువగా నెల చివరి తేదీతో ముగుస్తాయి. అక్టోబర్ 31 నెల చివరి తేదీయే కదా, రాత్రి పన్నెండు దాటాక రెండో ఆట చివర్లో ఉండగా సినిమా మాయమైతే ఆ భయం వేరు.

సౌండ్

ఉలిక్కిపడటం ఆలోచనతో జరిగేది కాదు, ఒంటికి పుట్టుకతో వచ్చిన ప్రతిచర్య. కొన్ని క్షణాల నిశ్శబ్దం, ఆపైన హఠాత్తుగా పెద్ద శబ్దం, అంతే. తెర మీద ఏముందన్నది తర్వాతి సంగతి. కాబట్టి భయాన్ని తగ్గించే మీటల్లో అన్నిటికన్నా బలమైనది వాల్యూమే. బొమ్మ అలాగే ఉంచి శబ్దం సగానికి దించితే ఎంత భయంకరమైన సీనైనా చప్పబడిపోతుంది. పిల్లలకు కళ్లు మూసుకోవడం కాదు, చెవులు మూసుకోవడం నేర్పండి. కళ్లు మూసుకుంటే శబ్దం ఇంకా పెద్దదిగా తోస్తుంది, ఊహ మిగతాది పూరిస్తుంది.

ఎక్కువమంది చేసే పొరపాటు, గుసగుసలు వినపడే స్థాయికి వాల్యూమ్ పెంచి కూర్చోవడం. పది నిమిషాల తర్వాత తలుపు దభాలున పడగానే ఇల్లు దద్దరిల్లుతుంది. తిరగేసి చేయండి. సాయంత్రమే, పిల్లలు బయట ఉండగా, సినిమాలో అన్నిటికన్నా పెద్ద శబ్దం వచ్చే చోటుకు వెళ్లి అక్కడ భరించగలిగే స్థాయి పెట్టండి. ఆ స్థాయిలో మాటలు వినపడకపోతే వాల్యూమ్ ముట్టుకోకుండా టీవీలోగాని సౌండ్‌బార్‌లోగాని నైట్ మోడ్ వేయండి, అది పెద్ద శబ్దాలను అణిచి చిన్నవాటిని లేపుతుంది. మాటలను ప్రత్యేకంగా పెంచే సెట్టింగ్ ఉంటే అదీ. ఒకసారి పెట్టాక రిమోట్ కింద పెట్టేయాలి. చేతిలో పట్టుకొని తగ్గిస్తూ పెంచుతూ కూర్చునేవాళ్లు ఇదిగో ఇప్పుడే వస్తోంది అని అందరికీ టముకు వేస్తున్నట్టే.

అపార్ట్‌మెంట్ అయితే రాత్రి పదికి సబ్‌వూఫర్, అంటే లోతైన శబ్దాలకు ఉండే స్పీకర్, ఆపండి. కింది ఇంటివాళ్లకు వినపడేది మాటలు కాదు, గోడల్లోంచి దిగే ఆ గుబగుబే.

సబ్‌టైటిల్స్ పెట్టుకునే ఇళ్లలో ఇంకో తలనొప్పి. వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం రాసిన ఎస్‌డీహెచ్ సబ్‌టైటిల్స్‌లో శబ్దాలు కూడా రాస్తారు. వెనక అడుగుల చప్పుడు అని తెర కింద ముందే కనపడిపోతుంది. భాషల జాబితాలో మామూలు ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ విడిగా ఉంటే అవి ఎంచుకోండి. చూడటానికి వచ్చిన అమ్మమ్మకో తాతయ్యకో చెవి సరిగా వినపడకపోతే మాత్రం ఎస్‌డీహెచ్ ఉండనివ్వండి, మిగతావాళ్లు సర్దుకుంటారు.

చీకటి, తెర

గది పూర్తి చీకటిగా ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. మొదటి ఆటకు టీవీ వెనక ఒక చిన్న దీపం వెలిగించండి, కళ్లు అలిసిపోవు, తెర మీద దాని నీడా పడదు. సోఫా వెనక దీపం పెడితే అది అద్దంలోలా తెర మీద మెరుస్తుంది. బాత్‌రూమ్‌కు వెళ్లే దారంతా లైటు వెలగాలి. ఈ ఒక్క పని చేయనందుకు సోఫాలు తడిసిన ఇళ్లున్నాయి. కొవ్వొత్తులు వద్దు, హాలోవీన్‌కు చెక్కిన గుమ్మడికాయలోపల కూడా బ్యాటరీ దీపమే. అందరి కళ్లూ తెర మీద ఉన్నప్పుడు మంటను ఎవరూ గమనించరు.

హారర్ సినిమాల్లో సగం కథ నీడల్లోనే ఉంటుంది. టీవీ సెట్టింగుల్లో గది వెలుతురును బట్టి తెరను తగ్గించే ఎకో లేదా లైట్ సెన్సర్ ఆపేయండి, అది ఉంటే చీకటి సీన్లు బొగ్గులా మారతాయి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది చాలు. లేకపోతే సినిమా మోడ్ పెట్టి, కదలికను నున్నగా చేసే సెట్టింగును ఆపాలి. శాంసంగ్‌లో దాన్ని ఆటో మోషన్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో. అది నడుస్తుంటే ఎంత గొప్ప సినిమా అయినా టీవీ సీరియల్‌లా కనబడుతుంది, రాక్షసుడి ముసుగు ముసుగుగానే తెలిసిపోతుంది. ఒక్క సందర్భంలో మాత్రం ఆ లోపమే ఉపకారం. చిన్నవాడు మరీ బెదురుతుంటే అది ఆన్ చేసి చూడండి, భయం సగం పోతుంది.

నల్లటి చోట్ల మెట్లు మెట్లుగా చారలు కనబడుతున్నాయంటే తప్పు టీవీది కాకపోవచ్చు. స్ట్రీమింగ్‌లో డేటా తగ్గినప్పుడు ముందు పాడయ్యేవి చీకటి సీన్లే. 4కే కోసం సెకనుకు 15 నుంచి 25 మెగాబిట్లు నిలకడగా రావాలి, ఆ సమయానికి ఇంట్లో మిగతా డౌన్‌లోడ్లు ఆపించండి.

తిండి

తిండి విషయంలో పెద్ద ఆలోచన అక్కర్లేదు, రెండు మూడు సంగతులు చాలు. నలుగురికి అరకప్పు పాప్‌కార్న్ గింజలు, మూడు పెద్ద చెంచాల నూనె, ఐదు లీటర్ల గిన్నె. నూనెలో మూడు గింజలు వేసి అవి పేలాక మిగతావి వేసి, గిన్నెను అర నిమిషం పొయ్యి మీంచి దించి ఉంచండి, గింజలన్నీ ఒకే వేడికి వస్తాయి. మళ్లీ పొయ్యి మీద పెట్టి మూతను కొంచెం తెరిచి ఉంచాలి. గింజ పేలేది లోపలి తేమ ఆవిరై, ఆ ఆవిరి బయటకు పోకపోతే పేలాలు మెత్తబడి సాగుతాయి. పేలుడుకు పేలుడుకు మధ్య రెండు క్షణాలు పడితే దించేయండి. ఉప్పు మెత్తగా పొడిచేసి చల్లితేనే అంటుకుంటుంది.

నాలుగేళ్లలోపు పిల్లలకు పాప్‌కార్న్, గట్టి క్యాండీ ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. ఉలిక్కిపడి ఊపిరి ఒక్కసారి లోపలికి పీల్చే రాత్రి అది రెట్టింపు ప్రమాదం. చిప్స్, క్యాండీ ముందే గిన్నెల్లోకి తీసి పెట్టండి, కవర్ల చప్పుడు నిశ్శబ్ద సన్నివేశాలను చంపేస్తుంది. తెచ్చుకున్న క్యాండీని లైటు వెలుతురులోనే చూసుకోవాలి, చిరిగిన కవర్లు పారేయాలి. చిన్న సైజు పొట్లాల మీద ఒక్కోసారి పదార్థాల జాబితా ఉండదు, వేరుశనగ పడనివాళ్లుంటే అలాంటివి పక్కన పెట్టేయండి. కుక్క ఉన్న ఇంట్లో చాక్లెట్, జైలిటాల్ అనే తీపి పదార్థం కలిసిన చూయింగ్ గమ్ ఎత్తైన అరలో ఉండాలి. రెండూ కుక్కకు విషమే, చీకట్లో సంచి ఎవరి కాళ్ల దగ్గరుందో ఎవరికీ గుర్తుండదు.

ఆట నడుస్తుండగా

మొదలుపెట్టేముందు ఒక్క నిమిషం చెప్పుకోవాల్సినవి ఇవి. ఎవరైనా ఎప్పుడైనా ఆపమనవచ్చు. ఎవరైనా లేచి పక్క గదికి వెళ్లిపోవచ్చు, ఒక పెద్ద మనిషి తోడు వెళతారు, తిరిగి వచ్చినప్పుడు ఎవరూ నవ్వరు. తోడు వెళ్లేది ఎవరో కూడా ముందే అనుకోవాలి, లేకపోతే ఇద్దరూ ఎదుటివాళ్లు లేస్తారని చూస్తూ కూర్చుంటారు. చీకట్లో వెనకనుంచి వచ్చి భుజం పట్టుకోవడం, తలుపు చాటునుంచి అరవడం ఆ రాత్రికి నిషేధం. సినిమా పెట్టే భయానికి ముగింపు ఉంటుందని పిల్లలకు తెలుసు. ఇంట్లోవాళ్లు పెట్టే భయానికి అలాంటి హామీ లేదు, ఒకసారి అలా జరిగితే ఇక సినిమా అంతా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంటారు.

ఆపమన్నప్పుడు వెంటనే పాజ్ నొక్కకండి. అప్పుడు తెర మీద ఏ ముఖముంటే అది బిగుసుకుపోయి, పిల్లవాడు మంచినీళ్లు తాగినంతసేపూ వాడినే చూస్తుంటుంది. ముందు సౌండ్ తీసేయండి, తర్వాత హోమ్ స్క్రీన్‌కు వెళ్లండి. హోమ్ స్క్రీన్ మీద కూడా ఇంకో హారర్ పోస్టరే ఉంటుంది కాబట్టి ఈ రాత్రి కోసం విడిగా ఒక ప్రొఫైల్ తెరిచి పెట్టుకోవాలి, దానిలో ట్రైలర్లు వాటంతటవే ఆడే సెట్టింగ్ ఆపాలి. విడి ప్రొఫైల్‌కు ఇంకో లాభం, నవంబర్ అంతా పిల్లల జాబితాలో గొడ్డళ్లు, పుర్రెలు సిఫార్సుగా రాకుండా ఉంటాయి. అనుకొని ఇచ్చే విరామం అయితే భయం దిగిపోయి పగటి సీను వచ్చినప్పుడు ఇవ్వండి, ఉత్కంఠ మధ్యలో కాదు.

పిల్లవాడు బాగానే ఉన్నాడో లేదో ముఖం చూసి చెప్పలేం. చేతులు చూడండి. దుప్పటి లాక్కోవడం, నవ్వుతూ అరవడం ఆటలో భాగమే. ప్రశ్నలు ఆగిపోయి, తినడం ఆపేసి, కదలకుండా కూర్చుంటే మోతాదు మించినట్టు. అప్పుడు నువ్వు భయపడ్డావా అని అందరిముందు అడగవద్దు, ఎవరూ అవునని ఒప్పుకోరు. వంటింట్లో కొంచెం సాయం చేస్తావా అని పిలిచి తీసుకెళ్లండి.

ఆట అయ్యాక

సినిమా ముగిసిన వెంటనే పడకెక్కించవద్దు. లైట్లన్నీ వేసి పావుగంట, ఇరవై నిమిషాలు తీసిన విధానం గురించి మాట్లాడండి. ఇది పెద్దపిల్లలకు భయం దించే మందు. 1978 ‘హాలోవీన్’ను వసంతకాలంలో కాలిఫోర్నియాలో తీశారు. రాలిన ఆకులు కాగితానికి రంగు వేసినవి, సీను అవ్వగానే ఏరి సంచిలో వేసుకొని మళ్లీ వాడేవారు. కొన్ని షాట్లలో వెనక పచ్చటి చెట్లు కనపడతాయి. హంతకుడి ముఖానికున్నది ‘స్టార్ ట్రెక్’ టీవీ సీరియల్‌లోని కెప్టెన్ కర్క్ పాత్ర ముసుగు, తెల్లరంగు కొట్టారు. 1960 ‘సైకో’లో షవర్ కింద కారే రక్తం చాక్లెట్ సిరప్. నలుపు తెలుపు సినిమా కావడంతో రంగుతో పనిలేకపోయింది, చిక్కదనం కుదిరితే సరిపోయింది. మర్నాడు పొద్దున్న పిల్లలతో ఉత్తుత్తి రక్తం చేయించండి: అరకప్పు కార్న్ సిరప్, ఒక పెద్ద చెంచా కోకో పొడి, రెండు చిన్న చెంచాల ఎర్ర ఫుడ్ కలర్, ఒక్క చుక్క నీలం. నీలం లేకపోతే జామ్‌లా గులాబీరంగులో ఉంటుంది. కోకోను రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లలో కలిపి పోయకపోతే ఉండలు కడుతుంది. బట్టల మీద, తెల్ల గట్ల మీద పడితే మరక పోదు, సింక్‌లోనే చేయాలి.

పడుకునే గదిలో ఆ రాత్రికి చిన్న దీపం ఉంచండి, అడిగేదాకా ఆగవద్దు. మంచం కింద చూసి ఏమీ లేదని చూపించే అలవాటు మాత్రం చేయకండి, ఉండే వీలుందని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. పీడకలలు ఎక్కువగా వచ్చేది రాత్రి రెండో సగంలో కాబట్టి, రెండో ఆట చూసి ఒంటిగంటకు పడుకున్న పెద్దలు మూడింటికి లేవాల్సిరావచ్చు. ఎవరు లేవాలో వంతు వేసుకోండి. భయం రెండు మూడు రాత్రుల్లో తగ్గకపోతే వచ్చే ఏడు ఒక మెట్టు కిందికి దిగాలి. మళ్లీ అదే సినిమా చూపించి అలవాటు చేద్దామనుకోవద్దు.

ఇక ఒక నోటు పుస్తకం. సంవత్సరం, సినిమా పేరు, ఎంచినవాళ్లు, ఆ రోజుకు పిల్లల వయసులు, వాల్యూమ్ ఎంతలో పెట్టారు, ఎవరు ఏ నిమిషంలో లేచి వెళ్లారు, ఎవరు ఎన్ని మార్కులు వేశారు. మార్కులు పొద్దున్నే అడగండి, రాత్రి అడిగితే అందరూ పదికి పది అంటారు. మూడేళ్లు రాస్తే ఎవరికి ఏది సరిపడదో కళ్లకు కడుతుంది: ఒకరికి బొమ్మలు, ఒకరికి రక్తం, ఒకరికి ఊరికే ఊగే తలుపు. నేనూ రెండో ఆటకు కూర్చుంటానని చిన్నవాడు పట్టుబట్టే ఏడాది తప్పకుండా వస్తుంది. అప్పుడు వయసుతో వాదించక్కర్లేదు. గత రెండేళ్ల మొదటి ఆటల్లో లేచి వెళ్లిన నిమిషాలున్నాయేమో పుస్తకంలో చూడండి. లేకపోతే రెండో ఆటలో మొదటి అరగంట, లైటు వేసి, సోఫాలో పెద్దల మధ్య కూర్చోబెట్టి మొదలుపెట్టండి.